గేదెలు మెచ్చిన లడ్డూ డబ్బా

దివిసీమలో ఒక పెళ్లికి వచ్చిన నాలుగు వందల మంది నా వల్ల మిఠాయి లేకుండా ఇళ్లకు వెళ్లారు. పెళ్లికొడుకు పట్టుపంచె మోకాళ్ల దాకా ఎగ్గట్టి, నుదుటి మీది బాసికం చెవి మీదకి జారినా చూసుకోకుండా, ఒక గేదె నోట్లో వెదురుగొట్టం పెట్టి నూనె పోశాడు. పెళ్లికూతురు ఆ గేదె కొమ్ములు పట్టుకుని కూర్చుంది. సన్నాయి మేళం వాళ్లు ఎప్పుడు వాయించాలో తెలియక ఎవరి మొహం వాళ్లు చూసుకున్నారు. ఇంత పనీ నేను భూమికి మేలు చేద్దామనుకుని చేశాను. కీడు చేద్దామని పూనుకుని ఉంటే ఇందులో సగం కూడా చేయగలిగేదాన్ని కాదు.

తొంభైల చివరి సంగతి. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. గుడివాడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. వారమంతా అక్కడ అద్దె గదిలో ఉండి, శనివారం సాయంత్రం బస్సెక్కి బందరులో మా ఇంటికి వచ్చేసేదాన్ని. ఆ ఏడాది వేసవి సెలవుల్లో మా ప్రిన్సిపాల్ గారు నన్ను బెజవాడలో రెండు రోజుల శిక్షణకి పంపారు. నన్నే ఎందుకు పంపారంటే మిగతా లెక్చరర్లందరికీ ఆ రెండు రోజులూ ఏవో పెళ్లిళ్లున్నాయి.

అక్కడ ఒక పెద్దాయన ప్లాస్టిక్ టీ కప్పు చేత్తో పైకెత్తి చూపించాడు. "ఇందులో టీ మనం తాగేది మూడు నిమిషాలు. ఈ కప్పు మాత్రం మన మునిమనవలు పుట్టాక కూడా ఉంటుంది. దీన్ని తయారు చేసినవాడు టీ గురించే ఆలోచించాడు. కప్పు ఏమవుతుందో ఆలోచించలేదు. ఏ వస్తువు తయారు చేసినా ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఎక్కడి నుంచి వచ్చింది? పని అయ్యాక ఎక్కడికి పోతుంది?"

ఆ మాటలో తప్పేమీ లేదు. ఇప్పటికీ నాకు ఆ మాటంటే గౌరవమే. తప్పంతా ఆ మాట వచ్చి పడిన బుర్రది. బందరు బస్సు దిగేసరికి, ఈ ప్రపంచంలో ఉన్న వస్తువులన్నింటినీ మళ్లీ మొదటి నుంచి తయారు చేసే బాధ్యత నా మీదే ఉందని నేను తేల్చేసుకున్నాను.

మొదట దొరికింది మా అమ్మ.

"అమ్మా, ఈ ప్లాస్టిక్ మగ్గు ఎక్కడి నుంచి వచ్చింది?"

"మీ నాన్న పాత చొక్కాలు వేస్తే సామానులావిడ ఇచ్చింది."

"పగిలిపోయాక ఎక్కడికి పోతుంది?"

"పెరట్లోకి. మొక్కలకి నీళ్లు పోసుకోవటానికి. ఇంకా పగిలితే అడుగున చిల్లి పెట్టి అందులో తులసి మొక్క వేస్తాను. ఎందుకూ?"

ఆ పెద్దాయన రెండు రోజులు కష్టపడి చెప్పిన పాఠమంతా మా అమ్మ ఒక్క మగ్గులో చెప్పేసింది. అప్పుడే చేతులు జోడించి ఊరుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు. నేను మాత్రం "నీకు అర్థం కాదులే అమ్మా" అని వీధిలోకి వెళ్లాను.

వీధి చివర శేషగిరి మావయ్య మిఠాయి కొట్టు. మాకు చుట్టరికమేమీ లేదు. నాన్నకి చిన్ననాటి స్నేహితుడు గనక మావయ్య. తొక్కుడు లడ్డూ చేయడంలో ఆయనకి బందరులోనే పెద్ద పేరు. ఆ లడ్డూలని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టి అమ్మేవాడు. డబ్బా మీద కొట్టు పేరు ఎర్ర అక్షరాలతో ఉండేది. వాన పడితే వీధి కాలవ పొంగేది. పొంగిన నీళ్లలో ఆ డబ్బాలన్నీ కొట్టు పేరుతో సహా తేలుతూ మా గుమ్మం ముందుకి వచ్చేవి.

"మావయ్యా, కాలవ పూడిపోతోంది. అందులో ప్రతి డబ్బా మీదా నీ పేరే."

"చూశాను. ఎంత ప్రచారమో చూడు. పేపర్లో వేయించుకుంటే ఇంతమంది చూస్తారా?"

"నవ్వులాట కాదు మావయ్యా. డబ్బా పారేసినా మట్టిలో కలిసిపోవాలి. అలాంటి డబ్బా నేను తయారు చేసిస్తాను."

"నువ్వా? నువ్వు పిల్లలకి పాఠాలు కదా చెప్పేది?"

"కెమిస్ట్రీ మావయ్యా."

ఆ మాట వినగానే ఆయన మెత్తబడ్డాడు. ఆయన పదో తరగతిలో ఆగిపోవడానికి కారణం కెమిస్ట్రీయే కావడంతో, ఆ పాఠం చెప్పేవాళ్లంటే ఆయనకి కొంచెం భయం, ఎక్కువ భక్తి. శనగపిండి అంటిన చేతులు తువ్వాలుకి తుడుచుకున్నాడు.

"శ్రావణంలో కోటేశ్వరరావు గారమ్మాయి పెళ్లి ఉంది. దివిసీమలో, అవనిగడ్డకి ఇవతలే. పగటి ముహూర్తం. భోజనాలయ్యాక వచ్చినవాళ్లందరికీ తలొక లడ్డూ డబ్బా ఇవ్వాలన్నారు. దానికి చేసి చూపించు. కానీ అమ్మాయ్, మా నాన్న నాటి నుంచి వాళ్లింట్లో ఏ శుభకార్యం జరిగినా మిఠాయి మన కొట్టు నుంచే. అక్కడ మాట పోతే మళ్లీ ఏటి మీది వంతెన దాటి నేను దివిసీమలో అడుగు పెట్టలేను. అర్థమైందా?"

"నీ పేరు దివిసీమ అంతా మోగిపోతుంది మావయ్యా" అన్నాను. మోగింది.

మావయ్య కొట్టు వెనక రేకుల పాకలో నాంచారయ్య అనే ఆయన పని చేసేవాడు. యాభై ఏళ్ల మనిషి. అంతకు ముందు పుస్తకాల అట్టలు అతికించేవాడట. ఆయన్ని మావయ్య నాకు అప్పగించాడు. ఆషాఢమంతా ప్రతి ఆదివారం మేమిద్దరం ఆ పాకలోనే ఉన్నాం.

ఎక్కడి నుంచి వచ్చింది అన్న ప్రశ్నకి జవాబు సులువుగానే దొరికింది. మా చుట్టూ ఉన్నది వరిగడ్డి. మొవ్వ నుంచి ఒక బండెడు తెప్పించాం. దాన్ని సన్నగా తరిగి, సున్నపు నీళ్లలో ఉడకబెట్టి, బాగా కడిగి, రుబ్బి, చెక్క అచ్చులో వేసి నొక్కాం. మొదటి డబ్బా ఆరాక చేత్తో ఎత్తితే నాలుగు గోడలూ నాలుగు వైపులకి పడిపోయాయి.

"జిగురు కావాలండి మేడం గారూ" అన్నాడు నాంచారయ్య.

కొట్లో దొరికే జిగురు మట్టిలో కలవదు గనక నాకు పనికిరాదు. మైదా జిగురుతో చేస్తే మూడో రోజుకి బూజు పట్టింది. చింతగింజల జిగురుకి బిగువు చాలలేదు. అప్పుడు నాకు ఉయ్యూరు పంచదార ఫ్యాక్టరీ గుర్తొచ్చింది. చెరకు రసం నుంచి పంచదార తీసేశాక నల్లగా, చిక్కగా మడ్డి మిగులుతుంది. బంకలా సాగుతుంది. ఒక డబ్బాడు తెప్పించి గంజిలో కలిపి గడ్డికి పట్టించి, లడ్డూల పొయ్యి పక్కన ఆరబెట్టాం. డబ్బా ఇటుకలా గట్టిపడింది. మా నాన్న దాని మీద నిలబడి చూశాడు. విరగలేదు.

నాంచారయ్య దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "మేడం గారూ, గడ్డికి మడ్డి పట్టిస్తే..."

"గట్టిపడుతుంది. చూశావుగా!"

"అది కాదండి..."

"లోపల గరుకుగా ఉంది నాంచారయ్యా. ముందు దాని సంగతి చూడాలి."

గరుకు పోవడానికి తవుడు చల్లి నొక్కితే అద్దంలా నున్నగా వచ్చింది. ముసురు రోజుల్లో బూజు పట్టకుండా ఉండటానికి ఉప్పు కలిపాం. లడ్డూ నెయ్యి పీల్చుకోకుండా లోపల విస్తరాకు పరిచాం. ఒక్కో చిక్కు విడిపోతుంటే నా కాళ్లు నేల మీద ఆనలేదు. ఉప్పు కలిపిన రోజు నాంచారయ్య మళ్లీ నోరు తెరిచాడు.

"ఉప్పు కూడా వేశాక ఇహ చెప్పక తప్పదండి. మా ఊళ్లో..."

"మీ ఊళ్లో ఇలాంటివి ఎప్పుడూ చూసి ఉండరు నాంచారయ్యా. నాకు తెలుసు."

ఆయన నోరు మూసుకున్నాడు. ఆ మధ్యాహ్నం ఆయన భార్య అన్నం క్యారేజీ తెచ్చింది. పాక గుమ్మంలో నిలబడి గట్టిగా వాసన పీల్చి, "అచ్చం కుడితి తొట్టి దగ్గర నిలబడ్డట్టు కమ్మగా ఉందండీ" అంది. నేను అందులోంచి "కమ్మగా" అన్న ఒక్క మాట ఏరుకుని మావయ్యకి చెప్పాను.

పాఠకులారా, మీలో పాడి ఉన్న ఇంట్లో పుట్టినవాళ్లు ఈపాటికే తల పట్టుకుని ఉంటారు. ఏం చేయను? మా ఇంటికి పాలు సీసాలో వచ్చేవి.

పెళ్లికి పది రోజుల ముందు శుభలేఖ చూశాను. పెళ్లికొడుకు ఎవరో కాదు, మా ప్రిన్సిపాల్ గారి అబ్బాయి. పేరుకి ముందు డాక్టర్ అని ఉంది. నాకు ఆనందం పట్టలేదు. ప్రిన్సిపాల్ గారు నన్ను మనిషిగా గుర్తించింది అప్పటికి ఒక్కసారే, అదీ నా సుద్దముక్క ఆయన కళ్లద్దాలకి తగిలినప్పుడు. ఆయన కొడుకు పెళ్లిలో నా డబ్బా నాలుగు వందల చేతుల్లో ఉంటుంది. నా ఉద్యోగం ఖాయమైపోయినట్టే అనుకున్నాను.

పెళ్లి రోజు పొద్దున్నే వ్యానులో డబ్బాలన్నీ సర్దుకుని మావయ్య, నేను, నాంచారయ్య బయల్దేరాం. చల్లపల్లి దాటాక రోడ్డు మీద రెండు ఆవులు అడ్డం వచ్చాయి. డ్రైవరు హారన్ కొడితే పక్కకి తప్పుకోవడం పోయి వ్యాను వెనక్కి వెళ్లి తలుపుకి మూతులు ఆనించాయి. మోపిదేవి దగ్గర మరో నాలుగు అలాగే వెంటపడ్డాయి.

"ఈ ఊళ్లో పశువులకి బొత్తిగా భయం లేదు మావయ్యా" అన్నాను.

వెనక కూర్చున్న నాంచారయ్య ఏమీ అనలేదు. ఆయన అప్పటికి అనడం మానేశాడు.

కోటేశ్వరరావు గారి ఇల్లు పెద్ద లోగిలి. ఇంటి నిండా చుట్టాలు. ఆయన నిలువెత్తు మనిషి, గంభీరమైన గొంతు. కూతురి పెళ్లి హడావుడిలో కూడా ఎదురొచ్చి మావయ్య చేతులు పట్టుకున్నాడు. "శేషగిరి గారూ, లోపల జాగా లేదండీ. పెరట్లో గొడ్లపాక ఖాళీ చేయించి సున్నం వేయించాను. నీడగా ఉంటుంది. అక్కడ దించుకోండి."

"మరి గేదెలండీ?" నాంచారయ్య ఆ రోజు అడిగిన ఒకే ఒక్క ప్రశ్న ఇది.

"పొద్దున్నే కాలవ గట్టు మీదకి తోలించాం లెండి."

నాలుగు వందల డబ్బాలూ పాకలో వరసగా పేర్చాం. తెల్లటి గోడ, గోధుమరంగు డబ్బాలు. నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

ముహూర్తం చక్కగా జరిగింది. వధూవరులు పెళ్లిపీటల మీద నుంచి లేచి పెద్దల కాళ్లకి దండాలు పెడుతున్నారు. భోజనాలు మూడో పంక్తి నడుస్తోంది. అప్పుడు కోటేశ్వరరావు గారు మైకు తీసుకున్నాడు.

"అందరూ ఒక్క నిమిషం వినండి. వెళ్లేటప్పుడు మీకిచ్చే లడ్డూ డబ్బా మామూలు డబ్బా కాదు. మన వరిగడ్డితో చేసింది. తయారు చేసిన అమ్మాయి ఇక్కడే ఉంది. చిన్నపిల్లైనా పెద్ద ఆలోచన చేసింది. అమ్మా వసంతా, రా తల్లీ, నువ్వే చెప్పు."

వెళ్లాను. ముందు వరసలో కళ్లద్దాలు సర్దుకుంటూ ప్రిన్సిపాల్ గారు. నా వైపు చూసి తల ఊపారు. ఆ ఊపుతో నాకు మాటలు పొంగుకొచ్చాయి. ప్లాస్టిక్ గురించి చెప్పాను. కాలవల గురించి చెప్పాను. మునిమనవల గురించి చెప్పాను. కొత్త దంపతులు అప్పటికింకా మునిమనవల దాకా ఆలోచించి ఉండరు గానీ, మర్యాదగా విన్నారు.

"ఏ వస్తువు తయారు చేసినా రెండు ప్రశ్నలు వేసుకోవాలి" అన్నాను. "ఇది ఎక్కడి నుంచి వచ్చింది? మన చేల నుంచి వచ్చింది. మరి పని అయ్యాక ఎక్కడికి పోతుంది?"

బెజవాడ పెద్దాయన లాగా అక్కడ ఒక్క క్షణం ఆగాను. ఆ నిశ్శబ్దంలో పెరటి వైపు నుంచి ఒక ఆడగొంతు వినిపించింది.

"గేదెల పొట్టలోకి పోతందమ్మోయ్!"

కోటేశ్వరరావు గారి గేదెలు పదకొండు. రోజూ మధ్యాహ్నం కాలవలో మునిగి వాటంతట అవే ఇంటికి వచ్చి పాకలోకి వెళ్లే అలవాటు. కాపలా ఉండాల్సిన పాలేరు వడ్డనలో సాయానికి వచ్చేశాడు. వాటి పాక వాటికి ఉంది. పాక నిండా మేత ఉంది. అవి వచ్చినప్పుడు మా ముగ్గురిలో ఒక్కరం కూడా అక్కడ లేము.

నేను పరిగెత్తుకు వెళ్లేసరికి వరసలన్నీ కూలిపోయాయి, తినగా మిగిలినవి కాళ్ల కింద నలుగుతున్నాయి. ఒక గేదె డబ్బా కింద నుంచి మొదలుపెట్టి పైకి తింటోంది. ఇంకొకటి మూత తిని, లడ్డూలు తిని, విస్తరాకు నమిలి, తర్వాత డబ్బా తింటోంది. ఒక దూడ ఏ డబ్బా తినాలో తేల్చుకోలేక డబ్బాల మధ్యలో పడుకుని చుట్టూ ఉన్నవన్నీ నాకుతోంది. నేను "హే! హే!" అని అరిచాను. అన్నీ ఒక్కసారి తలెత్తి చూశాయి. నన్ను చూసి మళ్లీ తల దించుకున్నాయి. మా క్లాసులో పిల్లలు కూడా అచ్చం అలాగే చేసేవాళ్లు.

మావయ్య పాక గుమ్మంలో నిలబడిపోయాడు. ఆయన నోట్లోంచి ఒకే మాట వచ్చింది. "నెయ్యి మంచిది వేశానమ్మాయ్."

జనం చేరారు. కొందరు నవ్వుతున్నారు. కొందరు డబ్బాలు లాగుతున్నారు. సగం డబ్బా చేతికి, సగం గేదెకి. ఇంతలో నవ్వు ఆగిపోయింది. నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న పెద్ద గేదె ఒకటి కాళ్లు మడిచి కూలబడింది. దాని ఎడమ డొక్క ఉబ్బిపోయి డోలులా బిగుసుకుంది. నాలుక బయటికి వచ్చింది.

"చుక్కా!" అంటూ పెళ్లికూతురు పద్మ పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పరిగెత్తుకొచ్చింది. తర్వాత తెలిసింది, తల్లి చచ్చిపోయిన దూడని ఆ అమ్మాయే సీసాతో పాలు పట్టి పెంచిందట.

అంతవరకూ పోయినవి లడ్డూలు, పోయింది నా పరువు. ఇప్పుడు ప్రాణం మీదికి వచ్చింది. కోటేశ్వరరావు గారి మొహం చూడలేకపోయాను. "ఎవరైనా పశువుల డాక్టర్ని పిలవండి!" అని అరిచాను.

"నేనేనండీ" అన్నాడు పెళ్లికొడుకు.

శుభలేఖ మీద డాక్టర్ అంటే ఏ డాక్టరో నేను అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఆయన ఒక్క మాట వృథా చేయలేదు. ఉత్తరీయం తీసి మా ప్రిన్సిపాల్ గారి చేతిలో పెట్టాడు. డొక్క మీద వేళ్లతో కొట్టి చూశాడు. "వంటశాల నుంచి వేరుశనగ నూనె, వంటసోడా తీసుకురండి. వెదురుగొట్టం ఒకటి. తల ఎవరైనా గట్టిగా పట్టుకోవాలి."

ఇద్దరు మగవాళ్లు పట్టుకోబోతే చుక్క తల విదిలించింది. వాళ్లు చెరో పక్కా పడ్డారు.

"మీరు లేవండి బాబాయ్. అది నా మాటే వింటది" అని పద్మ కింద కూర్చుని కొమ్ములు పట్టుకుంది. "చుక్కా, ఓర్చుకోవే. ఏం కాదు. ఈయన మనవాళ్లే."

తాళి కట్టి అప్పటికి రెండు గంటలైనా కాలేదు. పెళ్లికొడుకు ఒక్క క్షణం ఆ అమ్మాయి వైపు చూసి, గొట్టం పెట్టి నూనె పోయడం మొదలుపెట్టాడు. పోస్తూనే నన్ను అడిగాడు.

"మేడం, డబ్బాలో ఏమేం వేశారు? ఒక్కటి కూడా దాచకుండా చెప్పండి."

"వరిగడ్డి."

"ఊఁ."

"సున్నపు నీళ్లలో ఉడకబెట్టాం. తర్వాత చెరకు మడ్డి, గంజి."

ఆయన చెయ్యి ఆగింది. "తర్వాత?"

"తవుడు. ఉప్పు."

ఆయన గొట్టం పట్టుకునే నా వైపు తలెత్తి చూశాడు. "మూడేళ్లుగా ఈ చుట్టుపక్కల ఊరూరా తిరిగి రైతులకి నేను చెప్తున్న పశువుల మేత ఇదేనండీ. ఒక్కరూ కలపలేదు. మీరు ఎవరూ చెప్పకుండానే చేశారు. కొలత ప్రకారం యూరియా ఒక్కటే తక్కువైంది."

మా ప్రిన్సిపాల్ గారు ఉత్తరీయం భుజాన వేసుకుని ఆకాశం వైపు చూశారు.

"అయితే నా డబ్బా వల్ల కాదా?" అన్నాను ఆశగా.

"డబ్బా వల్ల కాదు. డబ్బా మంచిదే. శనగపిండి, బెల్లం, నెయ్యి, అన్ని లడ్డూలు ఒకేసారి తింటే మనకైనా ఇంతే కదండీ."

అందరం ఎదురుచూశాం. ఆయన డొక్క నిమురుతూనే ఉన్నాడు. ఎంతసేపో నాకు తెలియదు. పద్మ ఏదో మాట్లాడుతూనే ఉంది, చెమటకి కాటుక కరిగి చెంప మీదకి దిగింది. అప్పుడు చుక్క మెడ చాచి ఒక్క త్రేన్పు త్రేన్చింది. అంత పెద్ద త్రేన్పు నేను అంతకు ముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు. షామియానా కింద ఉన్న సన్నాయి మేళం వాళ్లు దాన్ని ఏ సైగ అనుకున్నారో ఏమో, గట్టిమేళం ఎత్తుకున్నారు. చుక్క లేచి నిలబడింది. పెరడంతా చప్పట్లు. పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని నవ్వుకున్నారు. ఆ ఫోటో తీయని ఫోటోగ్రాఫరు ఎక్కడున్నా నేను క్షమించను. అతను అప్పుడు భోజనం చేస్తున్నాడు.

అతిథులకి తాంబూలం, అరటిపళ్లు ఇచ్చి పంపారు. కోటేశ్వరరావు గారు చుక్క గండం గడిచిన సంతోషంలో మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "లడ్డూల సంగతి పోనివ్వండి శేషగిరి గారూ" అన్నాడు. అనకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది. తిరుగు ప్రయాణంలో ఖాళీ వ్యానులో మావయ్య పక్కన కూర్చున్నాను. చల్లపల్లి వచ్చేసరికి నాకు ఏడుపు ఆగలేదు.

"నీ మాట పోగొట్టాను మావయ్యా."

ఆయన మొహం రోడ్డు వైపు తిప్పుకున్నాడు. తర్వాత ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుని భయపడ్డాను. నవ్వుతున్నాడు. "మిగతా పది గేదెలకీ జలుబు కూడా చేయలేదు చూశావా? అదే కల్తీ నెయ్యి అయితే ఈపాటికి పదకొండూ పడుండేవి. మన సరుకుకి ఇంతకంటే పరీక్ష ఏముందే!" నాంచారయ్య కూడా నవ్వాడు. నేను ఏడుస్తూనే నవ్వాను.

మర్నాడు కాలేజీలో ప్రిన్సిపాల్ గారు పిలిపించారు. ఉద్యోగం పోయిందనే అనుకుని వెళ్లాను.

"కూర్చోమ్మా. మా కోడలు మంచి ధైర్యం గల పిల్ల అని నిన్నే తెలిసింది. మా ఆవిడ ఊరంతా చెప్పుకుంటోంది. అందుకు నీకు థాంక్స్." ఫైలు మూశారు. "నిన్ను రెండు రోజుల శిక్షణకి పంపితే ఇంత జరిగింది. వచ్చే నెల వారం రోజుల శిక్షణ ఉంది. దానికి వేరేవాళ్లని పంపిస్తున్నాను."

డాక్టరు గారు మాత్రం నాంచారయ్యని వదల్లేదు. కొలతలు రాసిచ్చి, అదే అచ్చులో మేత బిళ్లలు చేయించాడు. దివిసీమ రైతులు వచ్చి "ఆ పెళ్లి డబ్బాలు కావాలండీ, లడ్డూలు వద్దు" అని అడిగి పట్టుకెళ్లేవాళ్లు. నాంచారయ్య నాతో ఒకే మాట అన్నాడు. "నేను మొదట్నించీ అదే చెప్దామనుకున్నానండీ."

కార్తీకం వచ్చింది. ఒక ఆదివారం మావయ్య కొట్టుకి వెళ్లాను. ప్లాస్టిక్ డబ్బాలు లేవు. వాటి చోట తాటాకుతో అల్లిన చిన్న చిన్న బుట్టలు, మూతలతో సహా. సముద్రం వైపు పల్లెల్లో ఆడవాళ్లు అల్లుతారట. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. తేలిగ్గా, గట్టిగా ఉంది. నెయ్యి అంటలేదు. ఏ పశువూ వెంటపడదు.

"ఇవెక్కడివి మావయ్యా?"

"మా నాన్న కొట్టు పెట్టినప్పుడు లడ్డూలు వీటిలోనే ఇచ్చేవాడు. ప్లాస్టిక్ వచ్చాక నేనే మానేశాను. నువ్వు అంత తాపత్రయపడ్డాక నాకూ సిగ్గేసింది. వెతికితే అల్లేవాళ్లు ఇంకా ఉన్నారు."

"మరి ఈ సంగతి మొదటి రోజే ఎందుకు చెప్పలేదు?"

మావయ్య నా చేతిలో ఒక లడ్డూ పెట్టాడు. "నువ్వు ఆగితే కదా అమ్మాయ్, చెప్పటానికి!"

అందుకని నేను, వసంత అనబడే మాజీ కెమిస్ట్రీ లెక్చరర్ని, బందరు నివాసిని, మనస్ఫూర్తిగా ప్రమాణం చేసి చెప్పునదేమనగా: ఇకమీదట ఈ భూమిని కాపాడే పని ఏది తలపెట్టినా, ముందుగా పక్కనున్న మనిషిని "మీకేమైనా తెలుసా?" అని అడుగుతాను. ఆయన జవాబు పూర్తయ్యేదాకా, ఆ జవాబు ఎంత పొడుగైనా సరే, నోట్లో లడ్డూ పెట్టుకుని కూర్చుంటాను.